నెల్లూరు అభ్రకపు రేకులు: నానో స్థాయి ఘర్షణను చూపడానికి ఎంతవరకు పనికివస్తాయి?

నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో మోటార్ల వైండింగు సామాను అమ్మే పాత దుకాణం ఒకటి ఉంది. రాగి తీగ చుట్టలు, వార్నిష్ డబ్బాలు, ఇస్త్రీపెట్టెల కాయిళ్ల నడుమ అక్కడ సహజమైన అభ్రకపు (మైకా) రేకులు ఇప్పటికీ దొరుకుతాయి. ఈ సమీక్ష ఆ రేకుల గురించే. అవి హీటరులో ఎంతకాలం మన్నుతాయన్నది నా ప్రశ్న కాదు. ఒకదాని మీద ఒకటి జారే రెండు తలాల మధ్య ఘర్షణ నానోమీటరు (మిల్లీమీటరులో పది లక్షలో వంతు) స్థాయిలో ఎలా నడుచుకుంటుందో డిగ్రీ విద్యార్థులకు చూపించడానికి అవి పనికివస్తాయా లేదా అన్నదే భౌతికశాస్త్రం చెప్పే నాకు కావలసింది. నా నిర్ణయం ముందే చెప్పేస్తాను: సరుకు మంచిదే, కొనవచ్చు. కాని దుకాణంలో దొరికేది రేకు మాత్రమే. ఘర్షణ ప్రయోగానికి కావలసిన తలం ఏ దుకాణంలోనూ దొరకదు. దాన్ని కొన్నవారే, వాడబోయే ముందు, రేకును చీల్చి బయటికి తీసుకోవాలి. ఆ పని చేయనివారికి ఈ రేకుకూ గాజు పలకకూ పెద్ద తేడా కనిపించదు.

ఇంత ప్రత్యేకంగా అభ్రకమే ఎందుకని అడిగేవారుంటారు. గాజు గానీ, బాగా మెరుగుపెట్టిన ఉక్కు గానీ కంటికి నునుపుగా కనిపించినా పరమాణువుల కొలతలో చూస్తే అన్నీ మిట్టపల్లాలే. అలాంటి రెండు తలాలను కలిపి ఉంచినప్పుడు అవి కొన్ని మిట్టల కొసల దగ్గర మాత్రమే నిజంగా తాకుతాయి. ఘర్షణ బలం పైనున్న బరువుకు అనులోమంగా ఉంటుందనీ, పైకి కనిపించే స్పర్శా వైశాల్యంతో దానికి సంబంధం లేదనీ 1699లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అమాంటన్స్ చెప్పిన నియమాలను మనం ఇంటర్మీడియట్‌లోనే చదువుకుంటాం. ఆ నియమాలు ఈ కొసల లెక్క మీదే నిలబడి ఉన్నాయని ఇరవయ్యో శతాబ్దం నడుమ బౌడెన్, టేబర్ అనే ఇద్దరు వివరించారు: బరువు పెరిగేకొద్దీ కొసలు అణగి నిజమైన స్పర్శా వైశాల్యం పెరుగుతుంది, దానితో పాటే ఘర్షణ కూడా పెరుగుతుంది. మరి ఆ ఒక్క కొస దగ్గర ఏం జరుగుతుందన్నది తెలియాలంటే అసలు మిట్టపల్లాలే లేని తలం ఒకటి చేతిలో ఉండాలి.

అలాంటి తలాన్ని మనుషులు చేసినదాని కంటే నేల ఇచ్చినదే బాగుంటుంది. మస్కొవైటు అనే తెల్ల అభ్రకంలో సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు కలిసి కట్టిన సుమారు ఒక నానోమీటరు మందపు పొరలు దొంతరగా ఉంటాయి. ఒక్కో పొరకూ పొరకూ మధ్య పొటాషియం అయాన్ల వరుస ఉంటుంది. పొరలోపలి బంధాలు గట్టివి, పొరల నడుమ పట్టు బలహీనమైనది. అందువల్ల అంచును సూదిమొనతో కదిపితే రేకు ఆ పొటాషియం వరుస వెంబడే విడిపోయి, చేయి తిరిగినవారు చీలిస్తే చదరపు సెంటీమీటరు మేర ఒక్క మెట్టయినా లేని తలం బయటపడుతుంది. 1955లో బెయిలీ, కోర్ట్నీ-ప్రాట్ నిజమైన స్పర్శా వైశాల్యాన్నీ, ఒక్క అణువు మందం గల కందెన పొర కోతకు ఎంత తట్టుకుంటుందన్నదాన్నీ కొలిచింది అభ్రకం మీదనే. 1969లో టేబర్, వింటర్టన్, ఆ తరువాత 1972లో ఇజ్రేలాష్‌విలి, టేబర్ వంపు తిరిగిన రెండు అభ్రకపు రేకులను అడ్డంగా దగ్గరికి తెచ్చి, మధ్యనున్న దూరాన్ని కాంతి వ్యతికరణంతో నానోమీటరులో పదో వంతు వరకు లెక్కగట్టారు. ఇప్పటికీ పరమాణు బల సూక్ష్మదర్శిని (అతి సన్నని మొనతో తలాన్ని తడిమి చూసే యంత్రం) ఉన్న ఏ ప్రయోగశాలలోనైనా నమూనాల కింద పరిచేందుకు అభ్రకపు బిళ్లలు ఉంటాయి.

అంత పేరున్న పదార్థం మనకు పొరుగూరి సరుకు. సైదాపురం, కలిచేడు, గూడూరు ప్రాంతాల్లో, పెద్ద స్ఫటికాలుండే పెగ్మటైటు రాళ్లలో పుట్టే నెల్లూరు అభ్రకానికి లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. జార్ఖండ్‌లోని కోడెర్మా వైపు దొరికేది కెంపు ఛాయది. విద్యుత్ పరికరాల వ్యాపారంలో ఆ కెంపు రకానికే మర్యాద ఎక్కువ. కాని ఘర్షణ పరిశీలనకు ఈ రంగుల తేడా పెద్ద అడ్డు కాదు, చూడవలసింది మచ్చలను. పొరల మధ్య ఇనుము ఆక్సైడు చొరబడిన చోట గోధుమరంగు చుక్కలు, చారలు ఉంటాయి, చీల్చేటప్పుడు రేకు సరిగ్గా అక్కడే తెగి మెట్లు పడుతుంది. నాకు దొరికిన రేకుల్లో సగం మేర శుభ్రంగానూ, మిగిలిన సగం అంచుల దగ్గర మచ్చలతోనూ ఉన్నాయి. వ్యాపారులు అత్యుత్తమంగా లెక్కించే వి-1 శ్రేణి సరుకు ఇది కాదు, దుకాణదారు అలా చెప్పి అమ్మనూ లేదు. ఆ ప్రాంతంలో ఇప్పుడు గనుల మాట వస్తే తెల్లరాయి (క్వార్ట్జ్) గురించే ఎక్కువగా వినబడుతుంది కాబట్టి ఈమాత్రం రేకు ఊళ్లోనే దొరకడం అదృష్టమనే అనుకుంటున్నాను.

దుకాణంలో జాగ్రత్తపడవలసిన చోటు ఒకటుంది. మైకా షీట్ కావాలని అడగగానే, “ఐరన్ బాక్సుకా సార్, హీటరుకా?” అని అడిగి, వెండిరంగులో మెరిసే పెద్ద పలకను ముందు పెడతారు. అది అభ్రకపు పొడినో, చిన్న చిన్న తునకలనో జిగురుతో అతికి, వేడిచేసి, ఒత్తి చేసిన పలక. హీటరుకు అది చక్కగా సరిపోతుంది, ధర కూడా తక్కువ. నానో ఘర్షణకు మాత్రం బొత్తిగా పనికిరాదు, ఎందుకంటే దాని మీద ఎక్కడ తాకినా తగిలేది జిగురు, తునకల అంచులు. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది: అతుకు పలక మసకగా, మచ్చమచ్చలుగా ఉంటుంది, సహజమైన రేకు గుండా అవతలి అక్షరాలు చదవవచ్చు. “ప్రయోగానికి కావాలి, గనిలో నుంచి వచ్చిన రేకే ఇవ్వండి” అని చెప్పిన తరువాత దుకాణదారు విసుక్కోకుండా లోపలి నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి, నచ్చినవి ఏరుకోనిచ్చారు. ఆ ఓపికకు మంచి మార్కులే వేయాలి. అయితే ఇచ్చేముందు ప్రతి రేకునూ చేతిగుడ్డతో శ్రద్ధగా తుడిచి, వార్తాపత్రిక కాగితంలో చుట్టి ఇచ్చారు. మర్యాదకు చేసిన ఆ పని రెండు వైపులా నూనె జిడ్డునూ, నూలు పోగులనూ అంటించింది. లోపల మనం చీల్చుకునే తలానికి దానివల్ల నష్టం లేదు కాబట్టి దీన్ని లోపంగా రాయడం లేదు.

చీల్చే పని గురించి చెప్పాలి. మరీ పలుచని రేకును కొనకూడదు. పోస్టుకార్డు కంటే కాస్త మందంగా ఉన్నది తీసుకుంటే అనేకసార్లు చీల్చుకోవచ్చు. అంచును కత్తెరతో శుభ్రంగా కత్తిరించి, మధ్యలో సూది గుచ్చి, విడిన చోట మెల్లగా లాగాలి. లేదా సెల్లో టేపు అంటించి ఒకే ఊపున తీయాలి. ఈ సరుకు టేపుకు బాగా లొంగింది. ఊడివచ్చిన పొర టేపు మీద ఇంద్రధనుస్సు రంగులతో కనిపిస్తే అది పలుచగా వచ్చినట్టు. ఒకే రంగు ఎంత మేర పరచుకుని ఉంటే అంత మేర మందం మారలేదని అర్థం. చీల్చేటప్పుడు రాలే సన్నని పొడిని పీల్చకుండా చూసుకోవాలి, అంచులు వేళ్లను కోస్తాయి కూడా.

తలం తాజాగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒక చుక్క శుద్ధజలం వేస్తే చాలు. అప్పుడే చీల్చిన అభ్రకం మీద నీరు బొట్టుగా నిలవక పూర్తిగా పరచుకుంటుంది. గాలిలోని సేంద్రియ ఆవిర్లు, చేతి జిడ్డు పట్టిన తలం మీద బొట్టు ముడుచుకుని నిలుస్తుంది. ఉదయం చీల్చి బల్ల మీద వదిలేసిన రేకు సాయంత్రానికే తేడా చూపించింది. సరుకు నాణ్యతను పట్టి ఇచ్చే పరీక్షల్లో నాకు అన్నిటి కంటే నమ్మకమైనది ఇదే, ఇందులో ఈ రేకులు ఎప్పుడూ తప్పలేదు.

తరువాతిది వాలుబల్ల పరీక్ష. ఒక గాజు పలక మీద తాజా రేకును, చిన్న చెక్క దిమ్మ అడుగున మరొక తాజా రేకును అతికి, బల్లను మెల్లగా ఎత్తుతూ జారడం మొదలయ్యే కోణాన్ని చూస్తాం. ఇక్కడ విద్యార్థులందరూ ఊహించేది ఒకటే: శుభ్రమైన, నున్నని తలం తొందరగా జారుతుందని. జరిగేది దానికి విరుద్ధం. తాజా తలాలు పట్టుకుని కదలవు, అదే చోట వేలితో రుద్దిన తరువాత సులువుగా జారిపోతాయి. బౌడెన్, టేబర్ పట్టికల్లో కూడా తాజా అభ్రకానికి ఘర్షణ గుణకం 1 దాకా ఉంటే, మురికి పట్టినదానికి 0.2 నుంచి 0.4 మధ్య ఉంటుంది. వేలి జిడ్డు అక్కడ కందెన పని చేస్తుంది. రెండు తలాల పరమాణువులు నేరుగా తాకకుండా కొన్ని అణువుల మందం పొర అడ్డు నిలుస్తుంది. నునుపుకూ జారుడుకూ ఉన్నదనుకునే సంబంధం ఈ ఒక్క ప్రయోగంతో సడలిపోతుంది కాబట్టి, తరగతి గదికి ఈ సరుకు కొనడానికి ఇదొక్కటే చాలునని నా అభిప్రాయం. ఒక హెచ్చరిక: మధ్యలో ఒక్క ధూళిరేణువు చిక్కినా తలాలు తాకనే తాకవు. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి చేయాలి. నెల్లూరు మే నెలలో అది చిన్న త్యాగమేమీ కాదు.

అసలైన నానో స్థాయి పరీక్ష మా కళాశాలలో సాధ్యం కాదు. వేరే ఊళ్లో పరిశోధన చేస్తున్న మా పూర్వ విద్యార్థిని ఒకామె ఈ రేకుల ముక్కలను తీసుకువెళ్లి, తన ప్రయోగశాలలోని పరమాణు బల సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలతలు పంపింది. ఆ యంత్రాన్ని 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ రూపొందించారు. మరుసటి సంవత్సరమే మేట్, మెక్‌క్లెలాండ్, ఎర్లాండ్సన్, చియాంగ్ అనే నలుగురు ఐబీఎం ప్రయోగశాలలో టంగ్‌స్టన్ మొనను గ్రాఫైటు మీద ఈడ్చి, ఘర్షణ బలం గ్రాఫైటు పరమాణు జాలకపు విరామంతోనే, అంటే పరమాణువుల అమరిక మళ్లీ మళ్లీ వచ్చే దూరంతోనే, ఎగసి పడుతోందని చూపారు. 1988లో అదే పరీక్షను మస్కొవైటు అభ్రకం మీద చేశారు. సూక్ష్మమైన మొన తలం మీద ఒకే తీరున జారదు. పరమాణువుల నడుమ ఒక గుంటలో ఆగుతుంది, వెనుకనున్న స్ప్రింగు వంటి కడ్డీ సాగేకొద్దీ బలం పెరుగుతుంది, ఒక హద్దు దాటగానే మొన పక్క గుంటలోకి దూకుతుంది, మళ్లీ ఆగుతుంది. అందువల్ల బలం గీత రంపపు పళ్లలా వస్తుంది. మాకు వచ్చిన గీతలో పళ్ల మధ్య దూరం సుమారు అర నానోమీటరు. అభ్రకపు జాలక విరామం 0.52 నానోమీటర్లు కాబట్టి సరుకు తన జాతి లక్షణాన్ని చక్కగా చూపినట్టే. ఎత్తుల పటంలో కనిపించిన కొద్దిపాటి మెట్లు కూడా ఒక నానోమీటరు లెక్కకు సరిపోయాయి.

ఈ ఆగి దూకడాన్ని యంత్రం పుట్టడానికి చాలా ముందే, 1928లో ప్రాంట్ల్, 1929లో టామ్లిన్సన్ లెక్కల్లో ఊహించారు. వారి లెక్కలోని సారం ఏమిటంటే, స్ప్రింగు బిగువుకూ తలం గుంటల లోతుకూ మధ్య పోటీయే ఘర్షణను నిర్ణయిస్తుంది. గుంటలు లోతుగా, స్ప్రింగు మెత్తగా ఉంటే మొన దూకుతుంది; దూకిన ప్రతిసారీ కూడబెట్టిన శక్తి కంపనాలుగా, వేడిగా పోతుంది. గుంటలు లోతు తక్కువగా, స్ప్రింగు బిగువుగా ఉంటే మొన దూకకుండా ఒక గుంటలో నుంచి మరొకదానికి సాఫీగా జరుగుతుంది, శక్తి దాదాపు పోదు. 2004లో సొకోలియుక్, సహచరులు ఉప్పు స్ఫటికం మీద మొన బరువు తగ్గిస్తూ పోయి ఈ మార్పును కళ్లకు కట్టించారు.

బరువుకూ ఘర్షణకూ ఉన్న సంబంధం మా విద్యార్థులను ఇంకా ఎక్కువగా ఆకట్టుకుంది. అమాంటన్స్ చెప్పిన సరళరేఖ ఇక్కడ లేదు. ఒకే మొన తాకినప్పుడు ఘర్షణ నిజమైన స్పర్శా వైశాల్యాన్ని అనుసరిస్తుంది. ఆ వైశాల్యం 1882 నాటి హెర్ట్జ్ లెక్క ప్రకారం బరువుకు 2/3 ఘాతంలో పెరుగుతుంది. దానికి తోడు తలాలు ఒకదాన్నొకటి లాగుకుంటాయి కాబట్టి పైన బరువేమీ లేకపోయినా, మొనను కొద్దిగా పైకి లాగుతున్నప్పుడు కూడా ఘర్షణ ఉంటుంది. 1996లో కార్పిక్ బృందం ప్లాటినం పూత మొనతో, అత్యధిక శూన్యంలో, అభ్రకం మీదనే దీన్ని కొలిచి, జాన్సన్, కెండల్, రాబర్ట్స్ 1971లో ఇచ్చిన స్పర్శా వైశాల్యపు సూత్రంతో ఫలితం కలిసిందని చూపారు. మాకు వచ్చిన గీత అంత శుభ్రంగా లేదు. గాలిలో తీసిన కొలత కావడంతో మొనకూ తలానికీ మధ్య నీటి వారధి ఏర్పడి లాగుడు బలం పెరిగింది. ఇది రేకు తప్పు కాదు. అభ్రకం నీటిని ఇష్టపడే తలం, సముద్రం పక్కనున్న మన జిల్లా గాలిలో అది పొడిగా ఉండమంటే ఉండదు. నెల్లూరులో దీనితో పనిచేసేవారు సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో రేకును ఉంచి, ఆ రోజు తేమ ఎంతో పక్కన రాసుకోవడం మంచిది.

ఈ రేకులతో చూపలేనిది కూడా ఒకటుంది, పాఠంలో ఎంతో ఆసక్తికరమైన భాగం అదే కావడం కొంత నిరాశ. రెండు దువ్వెనల పళ్లు ఒకదానిలో ఒకటి దిగినప్పుడు కదలవు, ఒకదాన్ని కాస్త తిప్పి పెడితే పైపైనే జారిపోతాయి. రెండు స్ఫటిక జాలకాలు కూడా అంతే: వరుసలు సరిపడినప్పుడు ఘర్షణ ఎక్కువ, కోణం తప్పితే తక్కువ. 1991లో హిరానో, షింజో, వారి సహచరులు రెండు అభ్రకపు రేకుల మధ్య కోణాన్ని మారుస్తూ ఈ తేడాను కొలిచారు. 2004లో డీన్‌వీబెల్, ఫ్రెంకెన్ బృందం నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గ్రాఫైటు తునకను గ్రాఫైటు మీద తిప్పి, ప్రతి 60 డిగ్రీలకు ఒకసారి ఘర్షణ ఎగసి, మధ్య కోణాల్లో కొలతకు అందనంతగా పడిపోవడాన్ని నమోదు చేసింది. మేము వాలుబల్ల మీద రేకులను తిప్పి చూస్తే ఏ కోణంలోనైనా ఒకే తీరు. తేమ పొర, గాలి మురికి ఉన్నంతవరకు జాలకాలు ఒకదాన్నొకటి గుర్తించలేవు. ఇది చూడాలనుకునేవారు ఈ సరుకు మీద డబ్బు పెట్టవద్దు. గ్రాఫైటు, దాన్ని కొలిచే యంత్రం ఉన్నచోటికి వెళ్లాలి.

ధర విషయం పెద్దగా చెప్పవలసిన పని లేదు. సూక్ష్మదర్శినుల సామాను అమ్మే సంస్థలు గుండ్రంగా కోసి, ప్లాస్టిక్ డబ్బాలో అమర్చి పంపే బిళ్లల ముందు ఇది చాలా చవక. ఆ బిళ్లలకు మచ్చలు ఉండవు, కొలత ఒకే తీరుగా ఉంటుంది. పరిశోధనా పత్రం రాయబోయేవారికి అవే సరి. పాఠం చెప్పేవారికి, మొదటిసారి మొన దించడం నేర్చుకునేవారికి ఈ రేకు ధారాళంగా సరిపోతుంది, పాడైందన్న బెంగ లేకుండా ఎన్నిసార్లయినా చీల్చుకోవచ్చు. మా విద్యార్థిని మొనను ఎక్కువ బరువుతో నొక్కి ఒకే చోట పదేపదే గీయగా పై పొర ఊడి గుంట పడింది. దాన్ని కూడా పాఠంలో వాడుకున్నాము, ఎందుకంటే అరుగుదల లేని ఘర్షణకూ అరుగుదలతో కూడినదానికీ మధ్య గీత ఎక్కడ ఉందో ఆ పటంలో కనిపిస్తుంది.

కొనదలచినవారికి చివరగా రెండు సూచనలు. కౌంటరు మీద పరిచి ఉంచినవన్నీ అతుకు పలకలే. సహజమైన రేకు కావాలని స్పష్టంగా చెబితేనే లోపలి అట్టపెట్టె బయటికి వస్తుంది. ఏరుకున్న వాటిని తుడవవద్దని ముందే చెప్పి, మన వెంట తీసుకువెళ్లిన శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో అంచులు పట్టుకుని వేయించుకుంటే, చీల్చే ముందు రేకుకు జిడ్డు, నూలు పోగులు అంటకుండా ఉంటాయి.